స్కూల్లో సైకాలజీ మొదలుపెట్టారా? డెఫినిషన్లు పక్కన పెట్టి ఇలా చదవండి

సైకాలజీ కొత్తగా తీసుకున్న పిల్లలు చాలామంది ఒకటే పని చేస్తారు, పుస్తకం వెనకాల పదాల లిస్టు తెరిచి డెఫినిషన్లు బట్టీ పట్టడం మొదలెడతారు. మొదట్లో బానే ఉంటుంది. కొన్ని చాప్టర్లయ్యాక నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ అంటే పనిష్‌మెంటే కదా అనిపిస్తుంది, ప్రోయాక్టివ్ ఏదో రెట్రోయాక్టివ్ ఏదో కలిసిపోతాయి, వేరియబుల్స్ అడిగితే ఏది ఇండిపెండెంటో ఏది డిపెండెంటో తడబడతారు. ఇందులో పిల్లల తెలివి తక్కువై కాదు, చదివే వరస తిరగబడింది అంతే. ఈ సబ్జెక్ట్‌లో ముఖ్యమైన కాన్సెప్టుల్లో చాలావాటి వెనక ఎవరో ఓపిగ్గా చేసిన ప్రయోగమో, ఏళ్ల తరబడి గమనించి రాసిన ఒక మనిషి కేసో ఉంటుంది. ముందు అది తెలిస్తే పేరు దానంతటదే వచ్చి అతుక్కుంటుంది.

అందుకని ప్రతి కాన్సెప్ట్ దగ్గరా నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఏం చేశారు? ఏం కొలిచారు? దాన్నుంచి ఏం తేల్చారు? ఈ మూడింటికీ సొంత మాటల్లో జవాబు రాశాకే డెఫినిషన్ చదవండి. కింద చెప్పేదంతా ఈ పద్ధతిలోనే, నాకు ముఖ్యం అనిపించిన వరసలో రాశాను, పుస్తకంలో వరస వేరుగా ఉంటుంది, పర్లేదు.

ముందు నేర్చుకోవాల్సింది: చూసింది వేరు, ఊహించింది వేరు

1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ సైకాలజీ కోసం ల్యాబ్ పెట్టాడు, సైకాలజీ సైన్స్‌గా మొదలైంది అక్కడే అని అన్ని పుస్తకాల్లో ఉంటుంది. ఆ సంవత్సరం గుర్తుంచుకోండి కానీ అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. మనసు కంటికి కనపడదు. కనపడేది మనిషి చేసే పని, అనే మాట, తీసుకునే టైము, ఒంట్లో వచ్చే మార్పు. వాటిని కొలిచి లోపల ఏం జరుగుతోందో అంచనా వేస్తారు.

ఇది అలవాటవ్వాలంటే చిన్న పని చేయండి. "వాడికి కోపం వచ్చింది" అని రాయండి, దాని పక్కనే మీరు నిజంగా కళ్ళతో చూసింది ఏంటో రాయండి. తలుపు గట్టిగా వేశాడు, పిలిస్తే పలకలేదు, పుస్తకం టేబుల్ మీద విసిరాడు. మొదటిది మీ ఊహ, రెండోది మీరు చూసింది. కోపం బదులు తలనొప్పి అయ్యుండొచ్చు కూడా! కోపం అనే కనపడని దాన్ని "ఇన్ని నిమిషాల్లో ఎన్నిసార్లు అరిచాడు" లాంటి లెక్కపెట్టగలిగే దానిగా మార్చడాన్నే ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు, చూశారుగా, పేరు చివర్లో వచ్చింది, భయపెట్టలేదు.

ఇక వేరియబుల్స్. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కలిసి 45 మంది స్టూడెంట్స్‌కి కార్ల యాక్సిడెంట్ల ఫిల్మ్ క్లిప్పులు చూపించారు. తర్వాత అందరినీ కార్లు ఎంత స్పీడ్‌లో ఉన్నాయి అని అడిగారు, కాకపోతే ప్రశ్నలో ఒక్క క్రియాపదం మార్చారు. కొంతమందిని కార్లు "ఢీకొని నుజ్జయినప్పుడు" ఎంత స్పీడ్ అని, కొంతమందిని "తగిలినప్పుడు" ఎంత స్పీడ్ అని, ఇలా అయిదు రకాలుగా. నుజ్జయినప్పుడు అన్న గుంపు చెప్పిన సగటు గంటకి 40.8 మైళ్లు, తగిలినప్పుడు అన్న గుంపు చెప్పింది 31.8. చూసిన ఫిల్మ్ మాత్రం ఒకటే. ఇందులో పరిశోధకులు కావాలని మార్చింది ఆ పదం, అది ఇండిపెండెంట్ వేరియబుల్. కొలిచింది స్టూడెంట్స్ చెప్పిన స్పీడ్, అది డిపెండెంట్ వేరియబుల్. ఏ ప్రయోగం ఇచ్చినా "వీళ్ళు మార్చిందేంటి, కొలిచిందేంటి" అని అడగండి, ఇంక తడబడరు.

ఇదే మాట కోరిలేషన్ (రెండు విషయాలు కలిసి పెరగడమో తగ్గడమో) దగ్గర ఎందుకు పనికొస్తుందంటే, అక్కడ ఎవరూ ఏదీ మార్చరు, ఉన్నవాటిని కొలుస్తారంతే. తక్కువ నిద్రపోయే పిల్లలకి మార్కులు తక్కువొస్తున్నాయి అని ఎక్కడైనా కనపడితే మూడు దారులు ఆలోచించండి: నిద్ర తగ్గి మార్కులు తగ్గాయా, మార్కులు తగ్గాయన్న బెంగతో నిద్ర తగ్గిందా, లేక ఇంట్లో ఏదో ఇబ్బంది ఉండి రెండూ తగ్గాయా? కోరిలేషన్ ఒక్కటే చూసి ఈ మూడింట్లో ఏదో తేల్చలేం. తేల్చాలంటే మనుషుల్ని చీటీలు తీసినట్టు గుంపులుగా వేసి, ఒక్క విషయం మాత్రం మార్చి చూడాలి, అలా చీటీలు తీసినట్టు గుంపులు వేయడాన్నే రాండమ్ అసైన్‌మెంట్ అంటారు.

ఒక ప్రయోగం మీ చేత్తో చేయండి

చదివి వదిలేస్తే ఇది ఎక్కదు. 1935లో స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగం ఇంట్లో అరగంటలో అయిపోతుంది. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, రెండు తెల్ల కాగితాలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మొదటి కాగితం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు అనే మాటలు కలిపి ఇరవై రాయండి, ప్రతి మాటా దాని రంగు పెన్నుతోనే. రెండో కాగితం మీద కూడా ఇరవై రాయండి కానీ ఈసారి "ఎరుపు" అనే మాట నీలం పెన్నుతో, "నీలం" అనే మాట ఆకుపచ్చతో, ఇలా ప్రతిదీ వేరే రంగుతో. ఇప్పుడు మీ ఫ్రెండ్‌ని అడగండి, మాట చదవొద్దు, రాసిన రంగు పేరు చెప్పు అని. రెండు కాగితాలకీ ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి.

రెండో కాగితం దగ్గర సాధారణంగా మనిషి నత్తుతాడు, మాటని నోటిదాకా తెచ్చుకుని ఆపుకుంటాడు, మధ్యలో నవ్వేస్తాడు. చదవడం మనకి అంత అలవాటైపోయింది, వద్దన్నా కన్ను చదివేస్తుంది, ఆ చదివింది రంగు పేరు చెప్పడానికి అడ్డొస్తుంది. ఆటోమేటిక్ ప్రాసెసింగ్ అనే మాటకి అర్థం అక్కడ కళ్ళముందు కనిపిస్తుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. అందరికీ రెండో కాగితం ఆఖర్లోనే ఇస్తే, అప్పటికి అలిసిపోయారేమో అందుకే లేటయిందేమో అనే అనుమానం వస్తుంది కదా. సగం మందికి ఆ కాగితం ముందు ఇవ్వండి, మిగతా సగానికి తర్వాత ఇవ్వండి. కౌంటర్‌బ్యాలెన్సింగ్ అంటే ఇదే, ఒకసారి చేసినవాళ్ళు దీన్ని మర్చిపోరు. ముందే పర్మిషన్ అడగడం, మధ్యలో ఆపేస్తానంటే ఆపనివ్వడం, ఎవరి టైమ్ ఎంతో వాళ్ళ పేరుతో బయట చెప్పకపోవడం, ఈ మూడూ పాటించండి, ఎథిక్స్ చాప్టర్‌లో సగం పాటించినట్టే.

మెమరీ చాప్టర్ ముందుకి జరపండి

మెమరీ చాప్టర్ పుస్తకంలో ఎక్కడున్నా సరే ముందే చదివేయమంటాను, ఎందుకంటే మిగతా చాప్టర్లు గుర్తుంచుకోవడానికి అదే పనికొస్తుంది.

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలు లిస్టులుగా రాసుకుని, తనమీదే ప్రయోగం చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. మర్చిపోవడం అనేది రోజుకింత అని సమానంగా జరగదు, మొదట్లో గబగబా పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అంటే ఇవాళ చదివింది మళ్ళీ చూసుకోవాల్సింది పరీక్ష ముందు రోజు కాదు, రేపే.

షార్ట్ టర్మ్ మెమరీలో ఎన్ని పడతాయి అంటే జార్జ్ మిల్లర్ 1956లో ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు, తర్వాత వచ్చిన పరిశోధనల్లో నెల్సన్ కోవన్ లాంటివాళ్ళు అసలు సంఖ్య నాలుగు దగ్గరే ఉంటుందన్నారు. ఫోన్ నంబర్ పది అంకెలు విడివిడిగా చెప్తే పట్టుకోలేం, మూడు ముక్కలు చేసి చెప్తే పడుతుంది, దాన్ని చంకింగ్ అంటారు.

ఇక ఈ సబ్జెక్ట్ మొత్తంలో నన్ను బాగా కదిలించేది హెచ్.ఎం. అనే పేరుతో పుస్తకాల్లో ఉండే మనిషి కేసు. మూర్ఛ తగ్గడానికి 1953లో, 27 ఏళ్ల వయసులో ఆయనకి ఆపరేషన్ చేసి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం, చుట్టుపక్కల భాగాలు తీసేశారు. మూర్ఛ తగ్గింది కానీ కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. కాసేపటి క్రితం మాట్లాడిన మనిషిని మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకునేవాడు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్ట్ ఆయన చేత ఒక పని చేయించింది, తన చెయ్యి నేరుగా కనపడకుండా అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్యలో పెన్సిల్ నడపాలి. రోజురోజుకీ తప్పులు తగ్గాయి, చెయ్యి నేర్చుకుంది, కానీ అంతకుముందు ఆ పని చేసినట్టే ఆయనకి గుర్తు లేదు. ఈ ఒక్క సీన్ మనసులో ఉంటే డిక్లరేటివ్ మెమరీ (జరిగినవి, తెలుసుకున్నవి గుర్తుండటం), ప్రొసీజరల్ మెమరీ (చేసే పని చేతికి అలవాటవ్వడం) రెండూ వేరని ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. ఆయన 2008లో చనిపోయేదాకా ఇన్ని దశాబ్దాలు పరిశోధకులకి సహకరించాడు, మెమరీ గురించి మనం ఇవాళ చదువుతున్న దాంట్లో చాలా భాగం ఆయన చలవే.

ప్రోయాక్టివ్, రెట్రోయాక్టివ్ గొడవ ఇలా తీర్చుకోండి. ఫోన్ పాస్‌వర్డ్ మార్చాక వేలు ఇంకా పాతదే కొడుతుంటే పాతది కొత్తదానికి అడ్డొస్తోంది, ప్రోయాక్టివ్. కొన్నాళ్ళకి కొత్తది అలవాటై పాతదేంటో గుర్తు రాకపోతే కొత్తది వెనక్కెళ్లి పాతదాన్ని చెరిపింది, రెట్రోయాక్టివ్.

ఇప్పుడు అసలు వాడకం. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో స్టూడెంట్స్‌కి పాఠం ఇచ్చి, కొందరిని మళ్ళీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే కాస్త ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, రాసి చూసుకున్నవాళ్ళకి సగటున 56 శాతం గుర్తుంది, మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతం. మళ్ళీ చదువుతుంటే అంతా తెలిసినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం చేస్తుంది. కాబట్టి ఈ సబ్జెక్ట్‌లో హైలైటర్ పక్కన పెట్టి, ఖాళీ కాగితం మీద "మిల్నర్, నక్షత్రం, అద్దం, ఏం తేలింది?" అని రాసుకుని పుస్తకం చూడకుండా నింపండి, తర్వాత తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

లెర్నింగ్: మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే

పావ్‌లోవ్ సైకాలజిస్ట్ కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ తీసుకున్న ఫిజియాలజిస్ట్. కుక్కల లాలాజలం కొలుస్తుంటే, తిండి నోట్లో పడకముందే, తెచ్చేవాళ్ళని చూడగానే లాలాజలం ఊరడం కనిపించింది, అక్కణ్ణించి క్లాసికల్ కండిషనింగ్ పుట్టింది.

ఇందులో అయిదు పేర్లు కలిసిపోకుండా ఉండాలంటే ఎప్పుడూ ఒక్క ప్రశ్నతో మొదలెట్టండి: ఎవరూ నేర్పకుండానే పనిచేసే జత ఏది? పంటి డాక్టర్ దగ్గర ఉదాహరణ తీసుకుందాం. నొప్పికి ఒళ్ళు బిగుసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. నొప్పి అన్‌కండిషన్డ్ స్టిములస్, బిగుసుకోవడం అన్‌కండిషన్డ్ రెస్పాన్స్. డ్రిల్ చప్పుడు మొదట్లో వట్టి చప్పుడే, న్యూట్రల్. రెండుమూడు సార్లు చప్పుడు వెనకాలే నొప్పి వచ్చాక, చప్పుడు వినగానే బయట కుర్చీలో కూర్చున్నప్పుడే ఒళ్ళు బిగుస్తుంది. ఇప్పుడు ఆ చప్పుడు కండిషన్డ్ స్టిములస్, దానికి బిగుసుకోవడం కండిషన్డ్ రెస్పాన్స్. ఇంట్లో మిక్సీ చప్పుడుకి కూడా ఉలిక్కిపడితే జనరలైజేషన్. నొప్పి లేకుండా చప్పుడు మాత్రమే చాలాసార్లు వింటే భయం తగ్గుతుంది, ఎక్స్‌టింక్షన్. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వినగానే కాస్త భయం తిరిగొస్తే స్పాంటేనియస్ రికవరీ. అన్నీ ఒకే కథలో పెట్టుకోండి, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ వెతకొద్దు.

1920లో వాట్సన్, రేనర్ లిటిల్ ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకని చూపించి వెనకాల ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టి భయం నేర్పారు, ఆ భయం కుందేలుకీ కుక్కకీ కూడా పాకింది, ఆ భయం పోగొట్టకుండానే పిల్లాడు వెళ్ళిపోయాడు. ఇవాళ ఇలాంటిది ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. జవాబులో ఫలితం రాసి ఊరుకోకండి, ఈ మాట కూడా రాయండి, అది రాయడం మన బాధ్యత కూడా.

స్కిన్నర్ ఆపరెంట్ కండిషనింగ్‌లో (అంటే ఒక పని చేశాక ఏం జరిగిందో దాన్ని బట్టి ఆ పని పెరగడమో తగ్గడమో) పాజిటివ్ అంటే మంచి, నెగటివ్ అంటే చెడు అనుకోవడంతోనే గందరగోళం మొదలవుతుంది. ఇక్కడ పాజిటివ్ అంటే ఏదో వచ్చి చేరింది, నెగటివ్ అంటే ఏదో తీసేశారు, అంతే, కూడికా తీసివేతా. రీఇన్ఫోర్స్‌మెంట్ అంటే ఆ పని పెరిగింది, పనిష్‌మెంట్ అంటే తగ్గింది. కారులో సీట్ బెల్ట్ పెట్టుకునేదాకా బీప్ బీప్ అంటూనే ఉంటుంది, పెట్టుకోగానే ఆగుతుంది, దాంతో ఈసారి ఎక్కగానే పెట్టుకుంటాం. చప్పుడు పోయింది కాబట్టి నెగటివ్, బెల్ట్ పెట్టుకోవడం పెరిగింది కాబట్టి రీఇన్ఫోర్స్‌మెంట్. ఆలస్యంగా వచ్చినందుకు ఫోన్ లాక్కున్నారు, తర్వాత ఆలస్యం తగ్గింది, అది నెగటివ్ పనిష్‌మెంట్.

ఇంకో సంగతి, ఎవరి ప్రవర్తన గురించి అడుగుతున్నారో చూసుకోండి. పిల్లాడు ఫోన్ కోసం ఏడుస్తాడు, అమ్మ విసిగిపోయి ఇచ్చేస్తుంది, ఏడుపు ఆగుతుంది. పిల్లాడి వైపు నుంచి చూస్తే ఏడిస్తే ఫోన్ వచ్చింది, పాజిటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్, రేపు ఇంకా ఏడుస్తాడు. అమ్మ వైపు నుంచి చూస్తే ఫోన్ ఇస్తే ఏడుపు పోయింది, నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్, రేపు ఇంకా త్వరగా ఇస్తుంది. ఒకళ్ళకొకళ్ళు నేర్పుకుంటున్నారు! ఈ ఒక్క ఉదాహరణ విడదీసి చెప్పగలిగితే చాప్టర్ వచ్చేసినట్టే.

బహుమతి ఏదీ లేకుండా చూసి కూడా నేర్చుకుంటామని బండూరా 1961లో బోబో బొమ్మతో చూపించాడు, పెద్దవాళ్ళు గాలి బొమ్మని కొట్టడం చూసిన పిల్లలు తర్వాత అలాగే కొట్టారు, చూడనివాళ్ళు అంత కొట్టలేదు.

మెదడు, ఎదుగుదల: ఇవి త్వరగానే అవుతాయి

మెదడు బొమ్మ గీసి లోబ్‌ల పేర్లు ఊరికే వల్లించొద్దు, ప్రతి భాగం పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. ఫ్రాంటల్ లోబ్ పక్కన ఫినియాస్ గేజ్, 1848లో రైల్వే పనిలో పేలుడు జరిగి ఇనప కడ్డీ చెంప కింద నుంచి తల పైకి దూసుకుపోయింది, బతికాడు కానీ తోటివాళ్ళు ఇతను మునుపటి గేజ్ కాదన్నారు. ఎడమ ఫ్రాంటల్ భాగంలో, మాట్లాడటానికి కావాల్సిన బ్రోకా ఏరియా పక్కన 1861లో బ్రోకా చూసిన పేషెంట్, ఏం అడిగినా "టాన్" అనే చెప్పగలిగేవాడు, మాటలు మాత్రం చాలావరకు అర్థమయ్యేవి. హిప్పోకాంపస్ పక్కన హెచ్.ఎం. ఎలాగూ ఉన్నాడు. మెదడులో పది శాతమే వాడతాం అనే మాట ఎక్కడ విన్నా నమ్మకండి, అది నిజం కాదు.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చూసిన పియాజే దగ్గర కన్జర్వేషన్ (ఆకారం మారినా మొత్తం మారదని తెలియడం) ఒక్కటి బాగా పట్టుకోండి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పిల్లాడు చూస్తుండగానే ఒకదాన్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంచితే, నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయంటారు. ఎత్తు ఒక్కటే చూశారు, వెడల్పు చూడలేదు. పసిపిల్లలకి పియాజే అనుకున్నదానికంటే ముందే చాలా తెలుసని తర్వాతి పరిశోధనల్లో తేలింది, ఆ ఒక్క వాక్యం జవాబులో చేర్చండి.

సోషల్ సైకాలజీలో అంకెలు రెండు వైపులా చదవండి

1950ల్లో సాలమన్ యాష్ గీతల ప్రయోగంలో (ఇచ్చిన గీతకి సమానమైన గీత ఏదో చెప్పాలి) గదిలో మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్పారు, విషయం తెలియని ఒక్కడు ఏం చేస్తాడో చూశారు. అలాంటి సందర్భాల్లో మూడో వంతుకి కాస్త పైగా జవాబులు గుంపుతో కలిశాయి, నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారి లొంగారు. ఇదే అందరూ రాస్తారు. కానీ దాదాపు మూడింట రెండొంతుల జవాబులు గుంపుకి ఎదురు నిలిచినవే, పైగా గదిలో ఒక్కడు నిజం చెప్పినా లొంగడం బాగా తగ్గిపోయింది. నాకైతే ఈ ప్రయోగంలో ముఖ్యమైంది ఇదే.

మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంకో మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా పెంచుతూ కరెంట్ షాక్ ఇవ్వమని ఆర్డర్ వేస్తే 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్ళారు, షాక్ నిజం కాదు, వాళ్ళకి మాత్రం నిజమనే చెప్పారు. ఇది చదివి మనుషులు క్రూరులు అని రాసేస్తే తప్పు. ఆర్డర్ ఇచ్చే మనిషి గదిలో లేకుండా ఫోన్లో చెప్తే చివరిదాకా వెళ్ళేవాళ్ళు చాలా తగ్గారు, అంటే మనిషి ఎలాంటివాడు అనే దానికంటే ఎలాంటి పరిస్థితిలో ఉన్నాడు అనేది ఇక్కడ ఎక్కువ పనిచేసింది.

అచ్చయిన ప్రతి ఫలితమూ రాయి మీద గీత కాదు. 2015లో చాలామంది పరిశోధకులు కలిసి 100 ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూస్తే మూడో వంతుకి కాస్త పైగా మాత్రమే మళ్ళీ స్పష్టంగా నిలిచాయి. స్ట్రూప్ లాంటివి ఎన్నిసార్లు చేసినా వస్తాయి, కొన్ని రావు. అందుకే "ఎంతమందితో చేశారు, మళ్ళీ ఎవరైనా చేశారా" అనేది మన మూడు ప్రశ్నల కింద నాలుగోదిగా చేర్చుకోండి.

డిజార్డర్స్ చాప్టర్ గురించి ఒక మాట

ఇది చదువుతుంటే లక్షణాలన్నీ మనకే ఉన్నట్టు, లేదా పక్క బెంచీ వాడికి ఉన్నట్టు అనిపిస్తుంది. దిగులు, భయం అందరికీ వస్తాయి, డిజార్డర్ అనాలంటే అది ఎన్నాళ్ళుగా ఉంది, రోజూ చేసుకునే పనుల్ని ఎంత దెబ్బతీస్తోంది అనేవి చూడాలి, అది చూడాల్సింది ట్రైనింగ్ ఉన్నవాళ్ళు. ఫ్రెండ్స్‌కి పేర్లు పెట్టకండి, "నీకు ఓసీడీ రా" అని నవ్వకండి, నిజంగా బాధపడుతున్నవాళ్ళు విని ఇంకా ముడుచుకుపోతారు. చదువుతున్నప్పుడు ఇది నా సంగతే అని గట్టిగా అనిపించి, నిద్రో తిండో చదువో దెబ్బతింటుంటే ఆలస్యం చేయకుండా ఇంట్లో పెద్దవాళ్ళకో, నమ్మకమున్న టీచర్‌కో, కౌన్సిలర్‌కో చెప్పండి. చచ్చిపోవాలనిపించే ఆలోచనలొస్తే ఆ రోజే, ఆ గంటలోనే చెప్పండి, ఒంటరిగా ఉండకండి.